గుస్సాడి టోపీ

ఆంజనేయప్రసాద్ అట్టపెట్టె టేపు కోసి, లోపల కుక్కిన పాత పేపర్లు లాగి పారేసి, టోపీని రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించాడు. చూపించి గరాజ్ నేల మీద పెట్టాడు. దానికి ఒక పక్క గడ్డి కోసే మిషను, ఇంకో పక్క ఇంటివాళ్ల చెప్పులూ షూలూ ఉన్నాయి.

“ఒరిజినల్,” అన్నాడు. “హైదరాబాద్‌లో మనకి తెలిసిన పాత సామాన్ల షాపువాడి దగ్గర పట్టాను. ఆవకాయ డబ్బాలకీ మా ఆవిడ చీరలకీ మధ్యలో పెట్టి తెచ్చాను. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరవమన్నారు. దీన్ని చూసి ఆ కస్టమ్స్ కుర్రాడు బిగుసుకుపోయాడు. మా ఆవిడ ‘గాడ్, గాడ్’ అంటూ దానికి దండం పెట్టేసింది. గబగబా మూసేసి పొమ్మన్నాడు.”

రిహార్సల్‌కి వచ్చినవాళ్లంతా నవ్వారు. జితేందర్ గరాజ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కూతుర్ని దింపి వెళ్లిపోదామని వచ్చాడు. పెట్టె తెరవగానే అతనికి వాసన తగిలింది. పొగ, నూనె, మేకతోలు, మనిషి చెమట. దుకాణం కోసం చేసిన వస్తువుకి ఆ వాసన ఉండదు.

అతను దగ్గరికి వెళ్లి చూశాడు. వెదురు బుట్ట చుట్టూ నెమలీకలు దట్టంగా నిలబెట్టి ఉన్నాయి. అటూ ఇటూ మేక కొమ్ములు. ముందువైపు చిన్న చిన్న అద్దాలు. లోపలి గుడ్డ తలల చెమటకి నల్లగా అట్టకట్టింది. వెనకవైపు ఈకలు కొన్ని ఎప్పుడో విరిగితే నల్లదారంతో మళ్లీ కట్టారు. ఆ కట్టడం అతనికి తెలుసు. దీపావళి దగ్గర పడుతుంటే వాళ్ల నాన్న సిడాం భీంరావు వాకిట్లో మంచం మీద కూర్చుని, దారాన్ని పళ్లతో పట్టుకుని, అలాగే కట్టేవాడు.

ఆదిలాబాద్ గోండుల ఊళ్లలో దీపావళికి దండారి పండుగ చేస్తారు. మొక్కుకున్న మగవాళ్లు గుస్సాడి వేషం కట్టి ఈ టోపీ పెట్టుకుంటారు. పండుగ అయ్యేదాకా స్నానం చేయరు, కాళ్లకి చెప్పులు వేసుకోరు. టోపీ తల మీద ఉన్నంతసేపూ వాళ్లని పేరు పెట్టి పిలవరు. దేవుడు వచ్చి ఉన్నాడంటారు. జబ్బు చేసిన పిల్లల్ని తెచ్చి ముందు కూర్చోబెడితే గుస్సాడి తన చేతికర్ర వాళ్లకి తాకిస్తాడు. టోపీని మంచం మీద పెడతారు. నేల మీద పెట్టరు.

జితేందర్ ఉట్నూరు దగ్గరి గోండు. ఆ సంగతి ఇక్కడ, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, ఎవరికీ తెలియదు. ఏ ఊరని అడిగితే నిర్మల్ వైపు అంటాడు. అక్కడితో మాట ఆగిపోతుంది. ఇంటిపేరు వినగానే గుర్తుపట్టేవాళ్లు ఇక్కడ తక్కువ. గుర్తుపట్టేలా ఉన్నవాళ్ల దగ్గర అతను ఇంటిపేరు చెప్పడు.

“డాడీ!” అంటూ హంసిక పరిగెత్తుకొచ్చింది. పదకొండేళ్ల పిల్ల. మొహం వెలిగిపోతోంది. “ఇది తాత—”

జితేందర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. “ఇక్కడొద్దు బేటా.”

“వై?”

“తర్వాత.”

హంసిక తన భుజం మీద ఉన్న చేతిని చూసింది. తర్వాత టోపీని చూసింది. ఆడపిల్లల వరసలోకి వెళ్లి నిలబడింది.

ప్రోగ్రామ్ ఆలోచన ఆంజనేయప్రసాద్‌దే. ఆయన ఇక్కడి తెలుగు సంఘానికి ప్రెసిడెంటు, తెనాలి వైపు మనిషి, మనసు మంచిది. నవంబరు నెలలో ఇక్కడి మూలవాసుల పేరున ఊళ్లో సభలు జరుగుతాయి. లైబ్రరీ హాల్లో ఓక్లహోమా నుంచి చోక్టా అనే మూలవాసి తెగ ఆవిడ ఒకరు వచ్చి పాటలు పాడుతుందని తెలిసి, మనకీ ఆదివాసులు ఉన్నారుగా, మనమూ ఒక ఐటమ్ వేద్దామన్నాడు. కల్చరల్ సంగతులు చూసే చాముండేశ్వరి యూట్యూబ్‌లో వెతికి గుస్సాడి పట్టుకుంది. గరాజ్ గోడకి టీవీ తగిలించి పిల్లలకి స్టెప్పులు నేర్పుతోంది.

“నడుం కాదమ్మలూ, మోకాళ్లు! మోకాళ్లు వంచాలి. వాళ్లు అడవిలో ఉంటారు కదా, ఫ్రీగా ఉంటారు. మీరేంటి యోగా చేస్తున్నట్టు!”

గుస్సాడి వేషం రఘుది. జితేందర్ ఆఫీసే. రఘు టోపీ నెత్తిన పెట్టుకుని, తెల్లటి స్పోర్ట్స్ షూలతో గెంతుతూ, నోటి మీద అరచెయ్యి కొట్టుకుని కూత పెట్టాడు.

“అబ్బా, రఘు గారూ, అది రెడ్ ఇండియన్ల సినిమాల్లోదండీ,” అంది చాముండేశ్వరి.

“అందరూ ఒకటే కదండీ. ఈకలున్నాయిగా.”

ఆడవాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు టోపీ పెట్టుకుని ఫొటోలు దిగారు. బ్రేక్‌లో సమోసాలు తింటుంటే ఎవరి మేనల్లుడికో మెడికల్ సీటు రాలేదన్న మాట వచ్చింది.

“వాడికి ఒక ఎస్టీ సర్టిఫికెట్ ఉంటే ఈపాటికి డాక్టరు,” అన్నాడు రఘు. “మనం చేసుకున్న పాపం మెరిట్.”

అందరూ నవ్వారు. జితేందర్ కూడా నవ్వాడు. ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా ఆ నవ్వు అతని మొహం మీదికి దానంతట అదే వస్తుంది. పెద్దగా ఉండదు, చిన్నగానూ ఉండదు. పక్కవాళ్లు నవ్వినంతే ఉంటుంది.

టోపీ మళ్లీ నేల మీదికి చేరింది. ఎవరి కాలో తగిలి ఒక పక్కకి ఒరిగింది. జితేందర్ వెళ్లి దాన్ని ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టాడు.

“పిల్లలు తొక్కుతరు,” అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

ఆంజనేయప్రసాద్ చూశాడు. “భేష్! ఇదిగో, ఇలాంటివాడు కావాలయ్యా సంఘానికి. నువ్వే తీసుకుపో జితేందర్, ప్రోగ్రామ్ దాకా నీ దగ్గరే ఉంచు. మా ఇంట్లో కుక్క ఉంది.”

ఇంటికి తెచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో జితేందర్‌కి తోచలేదు. అతని భార్య మనీషా అప్పుడే హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ చేసి వచ్చింది. ఆమెది కరీంనగర్, వేరే కులం. పెళ్లి నాడు ఆమె పుట్టింటివాళ్లు రాలేదు. హంసిక పుట్టాక వచ్చారు. టోపీని చూసింది. గెస్ట్ రూమ్‌లో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, “ఇక్కడ పెట్టు,” అంది.

పెట్టాక ఇద్దరూ కొంచెంసేపు తలుపు దగ్గర నిలబడ్డారు.

“ఎవరింటిదో,” అంది మనీషా.

“ఎవరింటిదో ఏం తెలుస్తది. అమ్ముకున్నరో, ఎత్తుకొచ్చిన్రో.”

“చెప్పు మరి ప్రసాద్ గారికి.”

“చెప్తే?”

“చెప్తే ఏమైతది? ఉద్యోగం పోతదా?”

ఉద్యోగం పోదు. వీసాకేమీ కాదు. జితేందర్ ఆలోచించాడు. రేపటి నుంచి తను ఏ మీటింగ్‌లో మాట్లాడినా రఘు మనసులో సీటు మాట మెదులుతుంది. రఘు పైకి ఏమీ అనడు. అందరూ ఇంకొంచెం మర్యాదగా ఉంటారు. సమోసాలు తింటూ ఒక మాట మొదలుపెట్టి, తనని చూసి, మధ్యలో ఆపేస్తారు. ఆ ఆపడం అతనికి కళ్ల ముందు కనిపించింది. అదంతా మనీషాకి మాటల్లో చెప్పలేక, “ఏం కాదు లే,” అన్నాడు.

హంసిక పైజామాలో వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కసారే వెళ్లింది ఆ పిల్ల ఊరికి, ఆరేళ్లప్పుడు. వెళ్లగానే జ్వరం వచ్చింది. అప్పుడు దండారి జరుగుతోంది. తాత టోపీతో, ఒంటినిండా బూడిదతో వచ్చి, కర్ర తెచ్చి తల మీద తాకించాడు. ఆ పిల్ల భయపడలేదు. ఆ మరుసటి ఏడు తాత పోయాడు.

“డాడీ, రఘు అంకుల్ రాంగ్ చేస్తున్నాడు,” అంది. “తాత అలా జంప్ చేయలేదు. హీ వాజ్ లైక్... హెవీ.”

“అవును.”

“నువ్వు టెల్ చేయవా? యూ నో ఇట్.”

“చూస్తా.”

“చూస్తా అంటే యెస్ ఆ, నో ఆ?”

“పడుకో పో.”

ఆమె లేచి వెళ్తూ, టోపీకి తగలకుండా, దుప్పటి అంచు సరిచేసి వెళ్లింది.

ప్రోగ్రామ్ శనివారం మధ్యాహ్నం. లైబ్రరీ హాల్లో కుర్చీలన్నీ నిండాయి. సగం మంది మనవాళ్లు, సగం మంది ఈ ఊరి అమెరికన్లు. రఘు వేషం సగం కట్టుకుని కారిడార్‌లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, చెవిలో ఫోను. ఆఫీసులో ప్రొడక్షన్ డౌన్ అయింది. ఈ వారం ఆన్‌కాల్ డ్యూటీ అతనిదే, ఏది ఆగినా అతనే చూడాలి. ఒంటికి పూసిన బూడిదరంగు పౌడరు కీబోర్డు మీద రాలుతోంది.

“పది నిమిషాలండీ, పది నిమిషాల్లో వచ్చేస్తా,” అన్నాడు చాముండేశ్వరితో. అలా అన్న తర్వాత ఇంకో ఇద్దరు మేనేజర్లు అదే కాల్‌లోకి వచ్చారు.

ముందు చోక్టా ఆవిడ లేచింది. పేరు డార్లీన్ విల్లిస్. అరవై దాటి ఉంటాయి. మనిషి లావు, మాట నెమ్మది. పొడుగు గౌను, దాని మీద తెల్లటి ఏప్రన్, మెడలో పూసల పట్టీ. మైకు దగ్గరికి వచ్చి వెంటనే పాట ఎత్తుకోలేదు. తన పేరు చెప్పింది. తను చోక్టానని చెప్పింది. వాళ్ల అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వాళ్లు ఉన్న ఊరు, అంతకు ముందు వాళ్ల పెద్దల్ని సర్కారు ఏ నేల మీద నుంచి నడిపించుకుని ఓక్లహోమాకి తోలిందో చెప్పింది.

“ఈ పాట మా అమ్మమ్మ నేర్పింది. ఆమెకి వాళ్ల మేనత్త నేర్పింది. వాళ్ల పేర్లు చెప్పకుండా నేనీ పాట పాడను. చెప్పకుండా పాడితే దొంగిలించినట్టు,” అని నవ్వింది.

ఆంజనేయప్రసాద్ వాచీ చూసుకుని చాముండేశ్వరి చెవిలో, “పేర్లతోనే అరగంట అయ్యేట్టుంది,” అన్నాడు.

జితేందర్ వెనక వరసలో ఉన్నాడు. టోపీ అతని ఒళ్లో ఉంది. ఆ పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆమె కళ్లు మూసుకుని, కాలి మడమతో నేలని తట్టుకుంటూ పాడుతుంటే, అతని మడమ కూడా కార్పెట్ మీద కదలసాగింది. చూసుకుని ఆపేశాడు.

పాట అయ్యాక ఆమెకి శాలువా కప్పారు. నెక్స్ట్ ఐటమ్ గుస్సాడి అని మైకులో చెప్పేశారు. రఘు రాలేదు. చాముండేశ్వరి కారిడార్‌లోకి పరిగెత్తి, వట్టి చేతులతో తిరిగి వచ్చి, హాలంతా కళ్లతో వెతికి జితేందర్ దగ్గర ఆగింది.

“జితేందర్ గారూ, మీరు రావాలి. ప్లీజ్. హైట్ ఉన్నారు. టోపీ మీ దగ్గరే ఉంది. రిహార్సల్స్ అన్నీ చూశారు.”

“నాతో కాదండి.”

“ఊరికే పెట్టుకుని మధ్యలో నిలబడండి. పిల్లలు చుట్టూ తిరుగుతారు. పిల్లలు పాపం వెయిట్ చేస్తున్నారు!”

స్టేజీ మీద ఆడపిల్లల వరస నిలబడి ఉంది. అందులో నుంచి హంసిక అతన్నే చూస్తోంది. వద్దు అనడానికి ఒక కారణం చెప్పాలి. ఉన్న కారణం ఒక్కటే. మొక్కు లేకుండా, కడుపునిండా పిజ్జా తిని, షూలతో, ఎవరింటిదో తెలియని టోపీ పెట్టుకోకూడదు. ఆ కారణం చెప్పాలంటే మొదట తనెవరో చెప్పాలి. జనం తలలు తిప్పి చూస్తున్నారు.

అతను లేచాడు. స్టేజీ మెట్ల దగ్గర షూలూ సాక్సులూ విప్పాడు.

“అయ్యో, ఎందుకండీ, ఫ్లోర్ చల్లగా ఉంటుంది!” అంది చాముండేశ్వరి.

“జారుతది,” అన్నాడు.

చాముండేశ్వరి రఘు కోసం తెచ్చిన కర్రని అతని చేతిలో పెట్టింది. టోపీ తలకి సరిగ్గా సరిపోయింది. లోపలి గుడ్డ నుదుటికి గరుగ్గా తగిలింది. ఎవరి చెమటో. ఫోనులోంచి డప్పులు మొదలయ్యాయి. ఊరికే నిలబడదామనే అనుకున్నాడు. డప్పు మూడు దెబ్బలు వినేసరికి మోకాళ్లు వాటంతట అవే వంగాయి. చిన్నప్పుడు నాన్న వెనకాల, దుమ్ములో, ఆయన అడుగు ఎక్కడ పడితే అక్కడ తన అడుగు వేస్తూ నేర్చుకున్నది. గెంతు లేదు. బరువంతా కిందికి దించి, మడమతో నేలని అడిగినట్టు అడుగు వెయ్యాలి. తల ఒక్క విసురు విసిరితే ఈకలన్నీ ఒక్కసారి లేచి పడాలి. లేచి పడ్డాయి. హాల్లో మాటలు ఆగిపోయాయి.

పిల్లల వరస ఆగిపోయి చూస్తోంది. చాముండేశ్వరి కింద నుంచి, “తిరగండి, తిరగండి,” అని చేతులు ఊపుతోంది. హంసిక ఒక్కతే వరస వదిలి ముందుకు వచ్చింది. వచ్చి అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. అతను కర్ర తాకించాడు. ఆ క్షణంలో అతనికి ఫ్రిస్కో గుర్తులేదు. కూతురి తల మీద కర్ర ఆనినప్పుడు ఆమె కళ్లు మూసుకోవడం ఒక్కటే కనిపించింది.

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. కొందరు లేచి నిలబడ్డారు. ఆంజనేయప్రసాద్ స్టేజీ ఎక్కి అతన్ని కౌగిలించుకోబోయి, కొమ్ములు అడ్డం వచ్చి భుజం తట్టాడు.

“చూశారా మన కోడింగ్ గుస్సాడి!” అన్నాడు మైకులో. “ఒక్క రిహార్సల్ లేదండీ, ఒక్కటంటే ఒక్కటి!”

డార్లీన్ ముందు వరసలోంచి లేచి స్టేజీ దగ్గరికి వచ్చింది. జితేందర్‌కి చెయ్యి ఇచ్చింది. చెయ్యి వదలకుండా, మొహంలోకి చూస్తూ ఇంగ్లిష్‌లో అడిగింది, “నీకిది ఎవరు నేర్పారు?”

మామూలుగానే అడిగింది. వాళ్లలో ముందు అడిగే మాట అదే. మైకు ఆంజనేయప్రసాద్ చేతిలో ఆన్‌లోనే ఉంది. ఆమె మాట హాలంతా వినపడింది. ఆయన మైకుని జితేందర్ నోటి దగ్గర పెట్టాడు.

జితేందర్ నోరు తెరిచాడు. మా నాన్న. రెండే మాటలు. ఎదురుగా వందమంది దాకా ఉన్నారు. తలుపు దగ్గర రఘు, కాల్ అయిపోయి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

“యూట్యూబ్,” అన్నాడు జితేందర్.

హాలంతా గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. చాముండేశ్వరి, “నా వీడియోనే, నేను పంపిన లింకే!” అని అరిచింది. డార్లీన్ కూడా మర్యాదకి పెదవులు కదిపింది. అతని చెయ్యి వదిలేసింది. వదిలేశాక ఒకసారి టోపీని, ఒకసారి అతని వట్టికాళ్లని చూసి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

హంసిక ఇంకా స్టేజీ మీదే మోకాళ్ల మీద ఉంది. ఆమె అతన్ని చూడడం లేదు. గౌను మీద అంటిన దుమ్ము దులుపుకుంటోంది. అక్కడ దుమ్మేమీ లేదు.

అంతా అయ్యాక, పొద్దు వాలుతుండగా, పార్కింగ్‌లో ఆంజనేయప్రసాద్ కారు డిక్కీ తెరిచి స్పీకర్లూ బ్యానర్లూ సర్దుతున్నాడు. జితేందర్ టోపీ పట్టుకుని అక్కడికి వెళ్లాడు.

“ఇలా పడెయ్ దాన్ని, కూలర్ పక్కన,” అన్నాడు ఆయన. “ఉగాదికి కూడా వేద్దాం. హ్యూస్టన్ వాళ్లు కూడా అడుగుతున్నారు. హిట్టయ్యా నువ్వు!”

“అన్నా, ఇది వాపస్ పంపాలె.”

“ఎక్కడికి?”

“ఊరికి. ఎవరిదో కనుక్కుంట. కనుక్కుని ఇచ్చేస్తా.”

“షాపులో కొన్నది కదయ్యా! రసీదు కూడా ఉంది.”

“ఇది అమ్మేది కాదన్నా. కొనేది కాదు. ఇది పెట్టుకున్నోని మీదికి దేవుడొస్తడు.” అతను చుట్టూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరనిపించాకే మిగతా మాట అన్నాడు. “మా నాయన గుస్సాడి. మేం గోండులం.”

వైరు చుట్ట చుడుతున్న ఆంజనేయప్రసాద్ ఆగాడు. అతని మొహం వంక చూశాడు. ఏదో కొత్తగా కనిపిస్తుందేమోనని వెతికినట్టు చూశాడు.

“అయ్యయ్యో,” అన్నాడు. “చూస్తే అస్సలు తెలియదయ్యా!”

మంచి మాట అనే ఉద్దేశంతోనే అన్నాడు. తర్వాత వైరు డిక్కీలో పడేసి, ఒక అడుగు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు.

“తీసుకెళ్లు. ఇంక నన్ను అడగనే వద్దు. ఏదో తెలియక తెచ్చాం. ఇంకో మాట. నా నోటి నుంచి ఇది బయటికి రాదు. మా ఆవిడతో కూడా అనను. సంఘంలో రకరకాల మనుషులుంటారు, ఆ రఘుగాడి నోరు నీకు తెలుసుగా. నువ్వేం మనసులో పెట్టుకోకు. ఎవ్వరికీ తెలియదు. సరేనా?”

జితేందర్ గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఒళ్లు తేలికైంది. అందుకు అతనికి ఆనందం కూడా కలిగింది.

“థాంక్స్ అన్నా,” అన్నాడు.

అని వెనక్కి తిరిగేసరికి హంసిక ఉంది. అతను స్టేజీ దగ్గర మర్చిపోయిన షూలు తెచ్చింది. రెండూ ఒక చేతిలో పట్టుకుని ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మొహం చూస్తే, థాంక్స్ దాకా విన్నట్టే ఉంది.

ఆమె షూలు అతని పాదాల దగ్గర పెట్టింది. పెట్టి, పార్కింగ్ అవతలి చివర ఆగిన పాత పికప్ ట్రక్ వైపు నడిచింది. డార్లీన్ దాంట్లోకి తన పెట్టె ఎక్కిస్తోంది. పిల్లని చూసి పెట్టె కింద పెట్టి వంగింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఎక్కువ భాగం పిల్లే మాట్లాడింది. ఒకసారి చేత్తో తన తల మీద తాకి చూపించింది. డార్లీన్ తలెత్తి, కార్ల మీదుగా, జితేందర్ వైపు చూసింది. అతను డిక్కీలోకి చూస్తున్నట్టు తల దించుకున్నాడు.

టోపీని తన కారు వెనక సీటు మీద పెట్టి సీటు బెల్టు వేశాడు. హంసిక వచ్చి దాని పక్కన కూర్చుంది. అతను స్టార్ట్ చేయలేదు.

“ఏం చెప్పినవ్ ఆమెకు?”

“నా నేమ్ చెప్పాను. సిడాం హంసిక అని, ఫుల్. మా తాత భీంరావు, హీ టాట్ మై డాడ్ అని చెప్పాను.” ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడుతోంది. “షీ వాజ్ హ్యాపీ. దెన్ షీ ఆస్క్‌డ్, మరి డాడీ ఎందుకు చెప్పలేదు అని.”

జితేందర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

“నేను చెప్పాను, మా డాడీ షై, స్టేజ్ మీద మాట్లాడడు అని.”

ట్రక్ హెడ్‌లైట్లు వెలిగాయి. అది మెల్లగా వాళ్ల కారు ముందు నుంచే వెళ్లింది. డార్లీన్ అద్దం దించి అతనికి చెయ్యి ఊపింది. సిగ్గరి మనిషికి ధైర్యం చెప్పేలా, దయగా ఊపింది. అతను కూడా చెయ్యి ఎత్తాడు.

ట్రక్ మలుపు తిరిగిపోయాక వెనక నుంచి హంసిక అడిగింది. గొంతులో కోపం లేదు. తప్పు చేశానేమోనన్న భయం ఉంది.

“లై చెప్పాను డాడీ. అది ఓకేనా?”